వెనక్కి పిలవని కాలేజీలు

పోయిన నెలలో నెల్లూరులో కొత్తగా తెరిచిన ఒక పెద్ద బట్టల షాపుకు ఒంటరిగా వెళ్లాను. అంతస్తుల మీద అంతస్తులు, చలి పుట్టించే ఏసీ, మనల్ని నిలబెట్టి మోసుకుపోయే మెట్లు. పై అంతస్తులో నెమలిపింఛం రంగు వెంకటగిరి చీర కనిపించగానే నా గుండె జారింది. జారిన గుండెను వెంటనే పైకి లాగి, మొహానికి చింతపండు పులుపు పూసుకుని, పక్కనున్న గంధం రంగు చీరను చేతిలోకి తీసుకున్నాను. వెలుతురులో పెట్టి చూశాను, అంచు పట్టి లాగాను, ఇది బాగుందే అన్నాను. ఆ తర్వాతే, దారిన పోతూ అడిగినట్టు, నెమలిపింఛం చీర ధర అడిగాను. అమ్మే పిల్ల చీటీ చూపించింది. నేను ఆ చీటీ కనపడనట్టే ఇంకో ధర చెప్పాను. ఆ పిల్ల నన్ను జాలిగా చూసి, ఫిక్స్‌డ్ అమ్మా అంది. సరే, మా విద్యలో చివరి ఎత్తు మిగిలే ఉంది కదా అనుకుని లేచాను. సంచి నిదానంగా భుజానికి తగిలించాను. అంతకన్నా నిదానంగా నడిచాను. మెట్లు నన్ను ఒక్కో అంతస్తూ దించుతుంటే ప్రతి అంతస్తులోనూ చెవులు వెనక్కి పెట్టుకునే ఉన్నాను. ఎవరూ పిలవలేదు. రోడ్డు మీదికి వచ్చి ఆటో ఎక్కాక కూడా ఒకసారి తలుపు వైపు చూశాను. అప్పుడు పట్టుకుంది నవ్వు. అరవై దాటిన మనిషి వెనక సీట్లో ఒంటరిగా పగలబడి నవ్వుతుంటే ఆటో డ్రైవరు భయపడి వేగం తగ్గించాడు. ఆ అబ్బాయికి ఏమని చెప్పను? నన్నిట్లా వెనక్కి పిలవకుండా వదిలేయడం ఇది మొదటిసారి కాదని, అప్పుడు వదిలేసింది బట్టల షాపు కాదు, ఆడపిల్లల కాలేజీ అని, అదీ ఒకటి కాదు రెండని.

మా ఊరు గూడూరు నుంచి సముద్రం వైపు వెళ్లే బస్సు దారికి దాదాపు చివర. మా తర్వాత సరుగుడు తోపులు, వాటి తర్వాత ఇసుక, ఆపైన ఇక నీళ్లే. మా అంగడిలో వలనూలు, తాళ్లు, వల తేలేందుకు కట్టే బెండ్లు, సీసం గుళ్లు, లాంతర్లు, గ్లాసులు, వత్తులు అమ్మేవాళ్లం. వల అమ్మే ఇల్లే గానీ చేప ముట్టని ఇల్లు. కొబ్బరి పీచు తాళ్ల వాసన, తారు వాసన, కిరసనాయిలు వాసన కలిసి మా బట్టలకీ, జుట్టుకీ, అన్నానికీ కూడా పట్టి ఉండేవి. బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలు కళ్లు మూసుకుని కూడా నేను వచ్చానని చెప్పగలిగేవాళ్లు. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో గోనెపట్టాతో కుట్టిన పరదా. తెల్లారగానే మా నాయన అంగడి ముందు నీళ్లు చల్లి, త్రాసుకు దణ్ణం పెట్టి, కర్పూరం వెలిగించేవాడు. ఆ తర్వాత బోణీ అయ్యేదాకా ఇంట్లో ఎవరూ తుమ్మడానికి కూడా వీల్లేదు. తుమ్మొచ్చినా ఆపుకోవాలి, దగ్గొచ్చినా ఆపుకోవాలి. నవ్వయితే రోజంతా ఆపుకోవాలి. పరదాకు ఇవతల ఆడవాళ్లు గట్టిగా నవ్వితే, అవతల బేరమాడే మనిషి తనను చూసే నవ్వారనుకుంటాడు. అనుకున్నాడంటే నూలు కిందపెట్టి లేచిపోతాడు. అందుకని మా అవ్వ నవ్వొస్తే కొంగు నోట్లో కుక్కుకునేది. నేను తలగడలో మొహం దాచుకునేదాన్ని. మా అమ్మ మాత్రం గబగబా రోటి దగ్గరికి పోయి చేతికి దొరికింది దంచేది. మా ఇంట్లో కారప్పొడి అంత మెత్తగా ఎట్లా ఉంటుందని చుట్టుపక్కలవాళ్లు అడిగేవాళ్లు. కారణం అదీ.

ఇంటికి పెద్ద మా అవ్వ, నాయనకు తల్లి. అంగట్లో కూర్చునేది కాదు గానీ అంగడి శాస్త్రమంతా ఆమె దగ్గరే ఉండేది. పెరటి గుమ్మానికి కూరగాయల గంప వస్తే చూడాలి ఆమె నాటకం. కళ్లు వంకాయల మీద ఉండేవి, చెయ్యి బీరకాయల మీద. బీరకాయను తడిమి, వేలితో గిచ్చి, నిగనిగలాడతా ఉండాదే అని మెచ్చుకుని, పాపం ఈ వంకాయలు ఎండకు వాడినట్టుండాయి అని జాలిపడేది. చివరికి గంపలో వంకాయలన్నీ మా ఇంట్లోకి వచ్చేవి, పైన కొసరుగా కరివేపాకు రెమ్మ కూడా. కొసరు లేకుండా కొనడం మా అవ్వ దృష్టిలో దీపం పెట్టకుండా పూజ చేయడం. నాకు మాటలు వచ్చినప్పటి నుంచి ఆమె చెప్పిన సూత్రం ఒక్కటే: "సరుకు మీద మనసు పడితే పడనియ్, మొగం మీద పడనియ్యొద్దు." అందుకే మా ఇంట్లో ఎవరి నోటా 'కావాల' అనే మాట వినపడేది కాదు. అది కొనడానికి వచ్చినవాళ్ల మాట, ఓడిపోయినవాళ్ల మాట. అన్నం ఇంకాస్త కావాలంటే, ఈ రోజు పప్పు బాగా కుదిరిందే అనాలి. పండక్కి గౌను కావాలంటే, పాత గౌనే బాగుందని అనాలి. నేను ఈ విద్యలో అవ్వకే గురువునని అప్పట్లో నా అభిప్రాయం.

ఈ ఇంట్లో పరాయి మనిషి మా అమ్మ ఒక్కతే. ఆమెది బిట్రగుంట. వాళ్ల నాన్న రైలు గార్డు. నెలకోసారి జీతం వచ్చే ఇంట్లో, రైల్వే కాలనీలో పెరిగిన మనిషికి బేరం ఎక్కణ్ణించి వస్తుంది? మా నాయన ఆమెను చూడబోయినప్పటి కథ నాకు ఆమే చెప్పింది. పెళ్లికూతురు వచ్చి కూర్చున్నంతసేపూ ఈయన పెరట్లో బావి వైపు చూశాడట. వెళ్లేటప్పుడు, మీ కాలనీలో నీళ్లు చాలా బాగున్నాయండీ అన్నాడట, అంతే. పిల్ల నచ్చలేదనుకుని వాళ్ల ఇంట్లో పొయ్యి వెలగలేదు, అమ్మ ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. ఇక్కడ మా నాయనేమో, ఇంకా వెనక్కి పిలవరేంది అని రోజూ పోస్టుమేన్ కోసం అంగడి మెట్టు మీద నిలబడేవాడట. ఎవరో చుట్టం మధ్యలో పడి, ఇదేం పిచ్చి, ఇద్దరూ ఒకరి కోసం ఒకరు కూర్చున్నారు కదరా అని చెబితే గానీ ఆ పెళ్లి జరగలేదు. ఈ కథ చెప్పినప్పుడల్లా అమ్మ రోటి దగ్గరికి పోయేది.

గూడూరులో ఇంటర్మీడియట్ అయింది. మార్కులు మా ఊరికి కొంచెం ఎక్కువగానే వచ్చాయి. డిగ్రీకి నెల్లూరులో ఒక ఆడపిల్లల కాలేజీకి దరఖాస్తు పెట్టాం. ఒక్క అంగట్లోనే అడిగి కొనడం మా వంశంలో లేదు కాబట్టి మద్రాసులో ఇంకో ఆడపిల్లల కాలేజీకీ పెట్టాం. రెండూ సీటు ఇచ్చాయి. ఆ వారం మా అంగట్లో నూలు కంటే నా చదువు ఎక్కువ చేతులు మారింది. లాంతరు గ్లాసుకు వచ్చినవాళ్లూ, తాడుకు వచ్చినవాళ్లూ తలా ఒక సలహా ఇచ్చి పోయారు. ఒక పెద్దాయన నూలు పురిని వేళ్ల మధ్య తిప్పి చూస్తూ, మద్రాసులో సముద్రం మురికి, నెల్లూరులో సముద్రమే లేదు, బాగా ఆలోచించుకోండి సేటూ అన్నాడు. ఇంతకంటే సమంగా ఎవరూ తూచలేదు. అవ్వ అయితే మురిసిపోయింది. రెండు అంగళ్లు ఎదురెదురుగా నిలబడి రమ్మని పిలిచే యోగం తన బతుకులో ఎన్నడూ రాలేదట. తొందరపడొద్దు, ముందు పోయి సరుకు చూసి రండి అంది.

మొదట నెల్లూరు. నాయన ఇస్త్రీ చొక్కా తొడిగాడు, అవ్వ గొడుగు పట్టింది. ప్రిన్సిపాల్ సన్నగా, కళ్లద్దాలతో, మాటకు ముందు చిన్నగా నవ్వే మనిషి. కూర్చోబెట్టి అన్నీ చెప్పింది. అంతా విని నాయన గొంతు సవరించుకుని, "సీటు సరే మేడంగారూ. కొసరేమిస్తారు?" అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. సరుకు తూచినాక పైన వేస్తారే, అదీ అని వివరించాడు. ఆమె పాపం నిజంగానే ఆలోచించి, మంచి లైబ్రరీ ఉందండీ అంది. అది అందరికీ ఇచ్చేదే గదమ్మా, కొసరెట్ట అవుతుంది అంది మా అవ్వ. అప్పుడు నాయన దాచుకున్న ముక్క దించాడు: మద్రాసువాళ్లు కూడా పిలిచారని. ఆ మాటకు ప్రిన్సిపాల్ కుర్చీలోంచి లేచి, నా చేతులు పట్టుకుని, ఎంత మంచి కాలేజీనో తెలుసా, వెళ్లమ్మా, వెళ్తానంటే నేనే సంతోషంగా పంపిస్తాను అంది. పక్క అంగడి సరుకును పొగిడే మనిషిని మా నాయన పుట్టాక చూడలేదు. ఏం చేయాలో తోచక లేచాడు. మేమూ లేచాం. వరండాలో నిదానంగా నడిచాం. వేపచెట్టు కింద ఆగి, అవ్వ చెప్పులో లేని రాయిని దులుపుకుంది. అప్పుడు వెనక నుంచి పరిగెత్తే అడుగుల చప్పుడు. మా ముగ్గురి మొహాలూ ఒక్కసారి వెలిగాయి, మళ్లీ ఒక్కసారే ఆర్పేసుకున్నాం. వాచ్‌మేన్ రొప్పుతూ వచ్చి అవ్వ గొడుగు చేతిలో పెట్టి, మర్చిపోయారమ్మా అని వెళ్లిపోయాడు. అవ్వ మర్చిపోలేదు. లోపలికి మళ్లీ పోవడానికి ఒక వంక ఉండాలని తానే వదిలిపెట్టింది. బస్సులో గూడూరు దాకా ఆ గొడుగును తిట్టింది.

మద్రాసుకు నేనూ నాయనా వెళ్లాం. సరిహద్దులో ఉండే తడ దాటితే తన బేరం చెల్లదని అవ్వ రానంది. అరవం రాకుండా అక్కడ నోరు విప్పితే మెడలో గొలుసు కూడా మిగలదని ఆమె భయం. ఆ కాలేజీలో కట్టడాలు పాతవి, ఎత్తయినవి, వరండాల్లో చల్లదనం. వార్డెన్ సగం తెలుగు సగం తమిళంలో అన్నీ చూపించింది. నేను మొహం చింతపండులాగే ఉంచుకుని వెనక నడిచాను. మంచాలు చూశాను, ఊఁ అన్నాను. ప్రయోగశాల చూశాను, ఊఁ అన్నాను. తర్వాత భోజనాల హాలు తలుపు తీసింది. పొడుగాటి బల్లలు, సాంబారు ఆవిరి, స్టీలు పళ్లేల మోత, వందలకొద్దీ ఆడపిల్లలు. వాళ్లు నవ్వుతున్నారు. కొంగు నోట్లో పెట్టుకుని కాదు, తలవంచుకుని కాదు, నోట్లో ముద్ద ఉండగానే, తల వెనక్కి వేసి, పక్కదాని వీపు మీద చరుస్తూ, గొంతు ఎంత ఉంటే అంతా. ఒక పిల్ల ఏదో చెప్పి బల్ల మీదికి వాలిపోయింది, ఆ బల్లంతా వాలిపోయింది. ఎవరూ ఉష్ అనలేదు. పరదాకు అవతల లేచిపోయే మనిషి ఎవరూ లేడు. ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండానే నా పొట్టలో కితకితలు మొదలయ్యాయి. ఈ పాటికి మా ఇంట్లో అయితే ఎన్ని మిరపకాయలు నలిగిపోయి ఉండేవో అనిపించింది. ఆ క్షణంలో నా మనసు ఆ హాలు మీద దబ్బున పడింది. చదువు మీద కాదని ఈ రోజుకైనా ఒప్పుకోవాలి. మూడేళ్లు ఆ బల్లల దగ్గర కూర్చుని అట్లా నవ్వాలి, అంతే. అంతకంటే బతుకులో అప్పటిదాకా నేనేదీ అంతగా కోరలేదు.

మరి అలవాటు ఊరికే పోతుందా? మనసు పడిన మరుక్షణం చెయ్యి బీరకాయ మీదికి పోయింది. కుళాయి తిప్పి దోసిట్లో నీళ్లు తాగి, మొహం చిట్లించి, ఉప్పగా ఉన్నాయి నాయనా అన్నాను. మంచాలు ఇరుకన్నాను. సాంబారు పలచన అన్నాను. నాయన ఇక్కడా కొసరు అడిగాడు, ఇక్కడా నెల్లూరు ముక్క దించాడు, వార్డెన్ ఇక్కడా సంతోషించింది. గేటు బయట నాయన కాలేజీ పేరు బోర్డును, అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నట్టు, చాలాసేపు చదివాడు. ఎవరూ పిలవలేదు. రైల్లో ఇంటిదాకా నేను నెల్లూరు కాలేజీని పొగుడుతూనే వచ్చాను. మెట్లు నున్నగా ఉన్నాయన్నాను. వేపచెట్టు నీడ మంచిదన్నాను. మనసులో నా లెక్క ఒకటే: మా నాయన జిల్లాలో పేరు మోసిన బేరగాడు, నేను నెల్లూరును పొగిడితే నాకు మద్రాసు కావాలని ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఆయనకు తెలియలేదు. నేను చేసిన పొరపాటు అదీ. మా నాయన అంగట్లో కూర్చున్నంతసేపే బేరగాడు. పరదా ఎత్తి ఇంట్లోకి వచ్చాడంటే, ఎవరేమన్నా నమ్మేసే అమాయకుడు. పాపకు నెల్లూరు నచ్చింది అని అవ్వకు చెప్పాడు. నెల్లూరులో గాజుల అంగడి పెట్టుకున్న తన అక్క, మా రాజమ్మత్తకు జాబు రాశాడు. అత్త మరుసటి బస్సుకే దిగింది, చేతిలో నా కోసం కొన్న కొత్త టిఫిన్ క్యారియర్‌తో. పిల్లలకు పెళ్లిళ్లయి ఆమె ఇల్లు బోసిపోయి ఉంది. నేను వాళ్ల ఇంట్లో ఉండి కాలేజీకి పోయి వస్తానని తెలిసినప్పటి నుంచి నిద్ర లేదట. కానీ ఆమె కూడా మా వంశమే కదా. వచ్చీ రాగానే, మా ఇల్లు ఇరుకు మే, నీకు సరిపోదులే, ఎందుకు వస్తావు అంది. అంటే తప్పకుండా రావాలని.

గాబరా పుట్టి నేను ఎత్తు మార్చాను. ఈసారి సూటిగా మద్రాసును పొగడటం మొదలుపెట్టాను. అక్కడి హాలు ఎంత పెద్దదో, వరండాలు ఎంత చల్లనో చెప్పాను. అది విని రాజమ్మత్త కళ్లు చిన్నవి చేసింది. నేను ఆమెతో బేరం మొదలుపెట్టాననుకుంది. పక్క అంగడి పేరు చెప్పి ఈ అంగట్లో ధర దింపుతున్నానని. నేను మద్రాసు వరండాలంటే ఆమె తన ఇంట్లో వీధివైపు గది ఇస్తానంది. నేను భోజనాల హాలంటే, గిన్నెలు కడిగే పని పెట్టనంది. నేను మెరీనా అంటే వారానికొక సినిమా అంది. నేను నోరు తెరిచే కొద్దీ నెల్లూరులో నా రాజ్యం పెరిగింది. పొద్దున మంచం దగ్గరికే కాఫీ దాకా వచ్చేసరికి అవ్వ గర్వంతో ఉక్కిరిబిక్కిరయింది. గొంతు తగ్గించి నాయనతో, "చూసినావా అబ్బయ్యా, వాళ్లత్తనే పిండతా ఉండాది. ఇది నా మనవరాలు" అంది. లోపల రోలు దబదబా మోగుతోంది. మా అమ్మకు అంతా తెలిసిపోయిందని ఆ చప్పుడులోనే నాకు అర్థమైంది.

ఆ సాయంత్రం నేను రోటి దగ్గరికి పోయి కూర్చున్నాను. అమ్మ కళ్లు తుడుచుకుంది. మిరపకాయల వల్లో నవ్వు వల్లో తెలియదు. మద్రాసు గదా అంది. తల ఊపాను. మరి చెప్పు మీ నాయనకు అంది. నువ్వే చెప్పరాదా అన్నాను. అమ్మ రోకలి పక్కన పెట్టింది. "నీకు కావాల్సింది నేనడిగితే అది నా బేరమయితాది. నేను నోరు మూసుకుని ఏడ్చినందుకు ఏమయిందో నీకు చెప్పినా గదా. నువ్వు ఏడవబాక, నోరు తెరువు" అంది. తెరుద్దామనే పోయాను. నాయన పడక్కుర్చీలో ఉన్నాడు. ఎదురుగా నిలబడ్డాను. ఏం పాపా అన్నాడు. ఎంత ప్రయత్నించినా ఆ మూడక్షరాల మాట గొంతు దాటలేదు. చివరికి, ఈ రోజు గాలి బాగుంది నాయనా అని వచ్చేశాను.

చేరాల్సిన ఆఖరు రోజు రెండు కాలేజీలకూ ఒకటే పడింది. సాయంత్రంలోపల ఎక్కడో ఒకచోట చేరకపోతే రెండు సీట్లూ పోతాయి. ఆ రోజు తెల్లవారి మొదటి బస్సుకు నాయన, రాజమ్మత్త, నేను, నా రేకు పెట్టె గూడూరు స్టేషనుకు చేరాం. గూడూరు అంటే మాకు రెండు దిక్కులు కలిసే చోటు. ఒకవైపు రైలెక్కితే నెల్లూరు, ఇంకోవైపు ఎక్కితే మద్రాసు. నెల్లూరుకు మూడు టికెట్లు తెమ్మని నాయన ఒక పెద్ద నోటు నా చేతిలో పెట్టాడు. మగవాళ్ల వరస బయటి మెట్ల దాకా ఉంది, ఆడవాళ్ల వరస చిన్నది, అందుకని నన్ను పంపాడు. నిలబడ్డాను. ముందున్నావిడ పక్కకు జరిగింది. కిటికీ లోపలి గుమాస్తా తల ఎత్తకుండానే ఎక్కడికి అన్నాడు. నా నోరు దాని అలవాటు ప్రకారం, నెల్లూరుకెంత అంది. చెప్పాడు. మద్రాసుకెంత అంది. అదీ చెప్పాడు. మళ్లీ నెల్లూరుకెంత అంది. అప్పుడాయన తల ఎత్తాడు. అప్పుడే నాకు వెలిగింది, ఈ కిటికీ దగ్గర మా విద్య ఏదీ పనికిరాదని. పక్కన ఇంకో రైల్వే లేదు. ధర తగ్గదు. నేను విసురుగా తిరిగి నడిస్తే వెనకున్న ఆవిడ ముందుకు జరుగుతుంది, అంతే. సాయంత్రానికి నేను వీధివైపు గదిలో కూర్చుని కాఫీ తాగుతూ ఉంటాను, మూడేళ్లూ తాగుతూనే ఉంటాను.

"ఏ ఊరు కావాలమ్మా నీకు?" అన్నాడు గుమాస్తా.

"మద్రాసు కావాల" అన్నాను. గొంతు కీచుమంది. అయినా మాట వచ్చింది. ఎన్ని అంటే రెండన్నాను. గట్టి అట్టముక్కలు రెండు, తేదీ గుద్దినవి, వేడిగా చేతిలో పడ్డాయి. వాటిని పట్టుకుని వాళ్ల దగ్గరికి నడిచినంత నిదానంగా నేను ఏ అంగడి నుంచీ బయటికి నడవలేదు.

నాయన టికెట్లు తిప్పి చూశాడు. "ఇదేంది పాపా, ఇవి మద్రాసువి."

"నాకు మద్రాసు కావాల నాయనా."

"నీళ్లు ఉప్పగా ఉండాయంటివే."

"ఉప్పగా లేవు. బాగుండాయి. అందుకే అట్ట చెప్పినా."

ఆయన మొహం చూస్తూ ఉండగానే అంతా అర్థమైపోయింది ఆయనకు. మంచాలు, సాంబారు, వేపచెట్టు నీడ, ఒక్కొక్కటీ వెనక్కి తిరిగి తలకిందులైంది. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది. "నా దగ్గిరా బేరమాడినావు?" అన్నాడు. చాలా చిన్నగా అన్నాడు. "నేను నీకు అంగడోణ్ణా పాపా?"

నాకు ఏడుపొచ్చింది. రాజమ్మత్త మాత్రం కదలకుండా నిలబడింది. చేతిలో క్యారియర్ ఉంది, అందులో మా ముగ్గురికీ దారిలోకని కట్టిన పులిహోర. మా ఇల్లు ఎట్టా ఇరుకేలే అంది అలవాటుగా. అని, ఆగి, టికెట్ల వైపు చూసి, ఏమనుకుందో ఏమో, "అబద్ధం మే. ఇల్లు పెద్దదే. నువ్వొస్తావని నాకెంతో ఆశగా ఉండె" అంది. ఆ మాట ఆమె నోటి నుంచి రావడం చూసి నాయన ఆశ్చర్యపోయాడు, ఆమె అంతకంటే ఆశ్చర్యపోయింది. క్యారియర్ నా చేతిలో కుక్కి, సెలవులకు వస్తే గదీ సినిమా కాఫీ అన్నీ ఇస్తాలే, ఒప్పుకున్న బేరం ఒప్పుకున్నదే అని, కళ్లు తుడుచుకుని, నెల్లూరు టికెట్ ఒకటి తనే తెచ్చుకోవడానికి వరసలో నిలబడింది.

ఇప్పుడు మా ఊరి అంగడిని తమ్ముడి కొడుకు నడుపుతున్నాడు. గోనె పరదా పోయి గాజు తలుపు వచ్చింది. పడవలవాళ్లు వలలు ఫోన్లో అడుగుతారు, ధర ఫోన్లోనే కనపడుతుంది, ఎవరూ లేచిపోరు, ఎవర్నీ పిలవక్కర్లేదు. లోపల కోడలు టీవీ చూస్తూ పకపకా నవ్వుతూ ఉంటుంది, ముందు వ్యాపారం ముందు జరుగుతూనే ఉంటుంది. ఇన్నేళ్లు మేమెవరి కోసం నోళ్లు మూసుకున్నామా అనిపిస్తుంది. ఆ ఇంటి పిల్లలు ఏది చూసినా కావాలి అంటారు, గొంతులో ఏమీ అడ్డుపడదు, చూస్తే నాకు అసూయ. బేరం పోయిందని నేను ఏడవను గానీ దానిలో ఒక మంచి ఉండేదని మాత్రం అంటాను. లేచి నడిచే మనిషి చెవులు వెనక్కి పెట్టేది డబ్బు కోసమే కాదు, తనను ఎవరో ఒకరు వదులుకోరనే నమ్మకంతో. ఆ నమ్మకం తప్పని రెండు కాలేజీలు నాకు నేర్పాయి. వదులుకోవడం, ఉంచుకోవడం కాదు వాళ్ల పని. తలుపు తీసి పెట్టడమే వాళ్ల పని, లోపలికి నడవాల్సింది నేనే. నన్ను మద్రాసులో చేర్చి నాయన ఆ రాత్రి ఊరికి తిరిగి వెళ్లాక అవ్వ మొదట అడిగింది, కొసరేమిచ్చినారు అని. ఏమీ అడగలేదమ్మా అన్నాడట. ఆమె లేచి వచ్చి కొడుకు నుదుటి మీద చెయ్యి వేసి జ్వరముందేమోనని చూసిందట.

ఆ రోజు మద్రాసు రైల్లో మాకు ఎదురెదురు సీట్లు దొరికాయి. నాది కిటికీ పక్కన. నాయుడుపేటలో నేను పులిహోర పెడితే నాయన తిన్నాడు, బాగుందనలేదు, బాగాలేదనలేదు. సూళ్లూరుపేటలో జామకాయలవాడు వచ్చి అరిచి పోయాడు, ఆయన తల తిప్పలేదు. ఆయన మనసు ఇంకా గూడూరు స్టేషనులోనే నిలబడి ఉందని నాకు తెలుసు. నేను పెట్టె తాళం తిప్పుతూ కూర్చున్నాను. తడ దగ్గర పడుతుంటే తూర్పున పులికాటు నీళ్లు సన్నగా మెరవడం మొదలైంది. నాయన మెడ చాచి చూశాడు. నా తల అడ్డొచ్చింది. అటు వంగాడు, ఇటు వంగాడు. ఈ పక్కన గాలి బాగా వస్తున్నట్టుందే అంటాడని నేను ఎదురుచూశాను, మా భాషలో అడిగితే మా భాషలోనే ఇద్దామని. ఆయన నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. చెవుల దాకా ఎరుపెక్కాడు. నలభై దాటిన మనిషి, జిల్లాలో పేరు మోసిన బేరగాడు, ఎదుటి సీట్లో పిల్లవాడిలా సర్దుకుని కూర్చున్నాడు.

"పాపా, నాకు ఆ కిటికీ కావాల" అన్నాడు. "లెయ్."